ఆదివారం విన్నది సోమవారం కనబడాలి

హిమాయత్‌నగర్ : హైదరాబాదు నగరంలో హిమాయత్‌నగర్ దాటగానే నారాయణగూడ. అక్కడి క్రైస్తవ శ్మశానవాటికలో బక్త్ సింగ్ సమాధి ఉన్నది. 2000 సంవత్సరం సెప్టెంబరు 17న, 97 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూసినపుడు కడసారి చూపు కోసం వేలాది జనం తరలివచ్చారు. ఆయన బోధ విన్నవారు, ఆయన ప్రారంభించిన హెబ్రోను కూటాలకు పోయివచ్చినవారు తెలుగు పల్లెల్లో నేటికీ ఎందరో ఉన్నారు.

అలాంటివారినీ, ఇతర సంఘాలవారినీ కలిపి అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. దేవుని ప్రేమలో, ఆయన ఆత్మలో బ్రతుకుతున్నామని చెప్పుకొనేవారి దినచర్యలో ఆ సంగతి ఎక్కడ కనబడుతున్నది? మందిరంలోనేనా, పొలంలో కూడానా? మైకు ముందరేనా, పొయ్యి దగ్గర కూడానా?

బక్త్ సింగ్ తెలుగువారు కారు. 1903లో పంజాబులో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ప్రాంతంలో, పుట్టారు. తల్లిదండ్రులు మతనిష్ఠ గలవారు. మిషన్ బడిలో చదివే రోజుల్లో తన చేతికి వచ్చిన బైబిలుకు తోలు అట్ట మాత్రం ఉంచుకొని కాగితాలు చించిపారేశానని ఆయనే తర్వాత చెప్పుకొనేవారు. ఇంజనీరు చదువు కోసం ఇంగ్లాండుకు, అటు తర్వాత కెనడాకు వెళ్ళారు. 1929లో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో కొత్త నిబంధన చదువుతుండగా ఆయన మనసు మారింది. 1932లో బాప్తిస్మం పొందారు. 1933లో బొంబాయిలో దిగినపుడు తల్లిదండ్రులు కలిసి, క్రైస్తవుడవైన సంగతి గుట్టుగా ఉంచు, ఇంటి పరువు కాపాడు అని కోరారు. ఆయన ఒప్పుకొనలేదు. ఇల్లు వదులుకొని వీధుల్లో నిలబడి సువార్త చెప్పసాగారు.

విశ్వాసం గుట్టుగా దాచుకునే వస్తువు కాదని ఆయన నమ్మకం. నేడు పల్లెల్లో వచ్చిన చిక్కు దీనికి తిరుగుబాటున ఉన్నది. విశ్వాసం ఇప్పుడు గుట్టుగా లేదు. మైకుల్లో వినబడుతున్నది, గోడల మీద కనబడుతున్నది, సెల్‌ఫోనుల్లో తెల్లవార్లూ మోగుతున్నది. గుట్టుగా మిగిలిపోయినది నడవడి ఒక్కటే.

ఒకే బంతి, ఒకే చాప

1941లో మద్రాసులో బక్త్ సింగ్ మొదటి సంఘాన్ని ప్రారంభించారు. 1950లో హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా వద్ద హెబ్రోను ఏర్పడింది. అక్కడి పెద్ద కూటాలకు వేలమంది వచ్చేవారు. అందరూ నేల మీద చాపలపై కూర్చునేవారు. పెద్ద గంగాళాల్లో వండిన అన్నం అందరికీ ఒకే తీరున వడ్డించేవారు. ఆఫీసరుకు ఒక బంతి, పాకీ పనివానికి ఒక బంతి ఉండేది కాదు. చందాలకోసం సభలో అడిగేవారు కాదు. ఆరాధన ముగిసిన తర్వాత కలిసి కూర్చొని తినడాన్ని ప్రేమ విందు అనేవారు.

దీని విలువ పట్నంవారికంటే పల్లెవారికే బాగా తెలుసు. పక్కన కూర్చొని అన్నం తినడమంటే ఊళ్ళో ఎంత పెద్ద మాటో ఊరివారికి ఎవరూ చెప్పనవసరం లేదు. పాదిరిగారి పది ప్రసంగాలు చేయలేని పనిని ఒక బంతి భోజనం చేయగలదు.

కాని అక్కడ పక్కపక్కన కూర్చొని తిన్నవారే బస్సు దిగి ఊళ్ళోకి రాగానే ఎవరి వాడకు వారు పోతున్నారు. మాలవారికి ఒక మందిరం, మాదిగవారికి ఒక మందిరం ఉన్న పల్లెలు తెలుగునాట తక్కువేమీ కాదు. రెండింటిలోనూ చదివేది ఒకే గ్రంథం, తలచేది ఒకే నామం. పెండ్లి సంబంధం మాట వచ్చేసరికి మాత్రం కులం గుర్తుకువస్తుంది. ఇక పాత సంఘం, కొత్త సంఘం అనే పేచీ మరొకటి. ఒకే తల్లి బిడ్డలు రెండు సంఘాల్లో చేరి దండం పెట్టుకోవడం మానేసిన ఇండ్లున్నవి. చావుకు కూడా ఒకరింటికి ఒకరు పోని సందర్భాలు లేకపోలేదు. ప్రేమ గురించి వారంవారం వింటున్న మనుషుల మధ్య ఈ గోడ ఎలా నిలబడి ఉన్నదన్నది పెద్దలు ఆలోచించవలసిన విషయం.

ఫలం చూసి చెట్టును గుర్తించాలి

ఆత్మ దిగివచ్చినదనడానికి గుర్తు ఏమిటి? ఉపవాస కూటాల్లో కన్నీళ్ళు పెట్టుకోవడం, ఒళ్ళు మరచి కేకలు వేయడం గుర్తులని కొందరనుకుంటారు. వాటిని వెక్కిరించనవసరం లేదు. బరువైన గుండె గలవాడు దేవుని సన్నిధిలో ఏడవక ఎక్కడ ఏడుస్తాడు? అయితే అపొస్తలుడైన పౌలు గలతీ సంఘానికి రాసిన లేఖలో ఆత్మ ఫలమని చెప్పినవి వేరు. ప్రేమ, ఓర్పు, దయ, నమ్మకంగా ఉండడం, మనసును అదుపులో పెట్టుకోవడం వంటి గుణాలు తొమ్మిది చెప్పాడు. అందులో కేకలు లేవు. అన్నీ పక్కవానికి పనికివచ్చే గుణాలే. వీటిలో ఒక్కటి కూడా ఒంటరిగా గదిలో కూర్చొని చూపించడానికి వీలు కాదు. ఓర్పు చూపాలంటే విసిగించేవాడు ఎదురుగా ఉండాలి. దయ చూపాలంటే లేనివాడు గుమ్మంలోకి రావాలి.

ఫలమన్న మాట రైతుకు తేలికగా అర్థమవుతుంది. మామిడి చెట్టుకు పండ్లు ఎవరూ తెచ్చి కట్టరు. వేరు నీటిలో ఉంటే కాయ దానంతట అదే వస్తుంది. దేవుడు తనను ప్రేమించాడని, క్షమించాడని నమ్మినవాని మనసు మెత్తబడుతుంది. మెత్తబడిన మనసు ఎదుటివానిని క్షమిస్తుంది. క్రైస్తవుల బోధకు ఇదే మూలం. ప్రార్థన, గ్రంథపఠనం ఆ వేరుకు నీరు. ఏళ్ళ తరబడి నీరు పెడుతున్నా కాయ కనబడలేదంటే ఎక్కడో గండి పడిందని రైతు గట్టు వెంట నడిచి చూసుకుంటాడు. విశ్వాసి కూడా అలా చూసుకోవాలి.

ఆ గండ్లు సాధారణంగా ఎక్కడ ఉంటాయో ఊరందరికీ తెలిసినదే. కూటంలో సాక్ష్యం చెప్పిన ఆసామి నాట్లు వేసిన ఆడకూలీలకు డబ్బు రేపు మాపని తిప్పుతాడు. కూలి బిగబట్టిన యజమానిని యాకోబు లేఖ ఎంత కఠినంగా హెచ్చరించిందో ఆయన చదివే ఉంటాడు. పాలు పోసే ఇల్లాలు కీర్తన పాడుకుంటూనే చెంబెడు నీళ్ళు కలుపుతుంది. అప్పిచ్చిన సంఘపెద్ద నూటికి అయిదు వడ్డీ కట్టి నోటు రాయించుకుంటాడు. బెల్టు షాపు వద్ద శనివారం రాత్రి కనబడినవాడు ఆదివారం ఉదయం ముందు వరుసలో ఉంటాడు. అత్తగారు ప్రార్థనలో కన్నీరు కారుస్తారు, ఇంటికి వచ్చి కోడలిచేత కన్నీరు కార్పిస్తారు. ఇవి ఒక మతంవారికే ఉన్న లోపాలు కావు. కాని దేవుని ఆత్మ నాలో ఉన్నదని చెప్పుకొన్నవానిని లోకం మరికొంచెం నిశితంగా చూస్తుంది. అది అన్యాయం కూడా కాదు.

వంటింట్లో కూడా ఆరాధనే

దినమంతా కాయకష్టం చేసేవానికి దేవుని సన్నిధిలో ఉండే తీరిక ఎక్కడిది అని కొందరంటారు. దీనికి ఫ్రాన్సు దేశంలో జరిగిన ఒక సంగతి సమాధానం చెబుతుంది. 17వ శతాబ్దంలో పారిస్ నగరంలోని ఒక మఠంలో లారెన్స్ అనే సోదరుడు ఉండేవాడు. అంతకు ముందు సిపాయిగా పనిచేసినవాడు. గొప్ప చదువు లేదు. మఠంలో అతనికి అప్పగించినది వంటపని. తర్వాత చెప్పులు బాగుచేసే పని చేశాడు. ప్రార్థన వేళ, పని వేళ అనే తేడా తనకు లేదని, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవునితో మాట్లాడుకుంటానని అతడు చెప్పేవాడు. 1691లో అతడు చనిపోయిన తర్వాత అతని ఉత్తరాలు, మాటలు పుస్తకంగా వచ్చినవి. బిషప్పులు, పండితులు కూడా ఆ వంటవాని వద్ద నేర్చుకోవలసినది ఉన్నదని గ్రహించారు.

కలుపు తీసే తల్లికి, బస్సు నడిపే డ్రైవరుకు, మగ్గం ముందు కూర్చున్న నేతగానికి ఇది చేతనైన పనే. దీనికి పైసా ఖర్చు లేదు. పని మానుకోనవసరం లేదు. కోపం వచ్చిన క్షణాన నోరు జారక ముందు ఒక్కసారి దేవుని తలచుకోవడం, తూకం వేసేటపుడు ఆయన చూస్తున్నాడని గుర్తుంచుకోవడం, పొద్దుకుంకక ముందే తగవు తీర్చుకోవడం వంటివి రోజూ చేయగలిగిన ఆరాధనలు.

డోర్నకల్ పాఠం

ఈ విషయంలో తెలుగునేలకు సొంత అనుభవం ఉన్నది. తమిళనాట పుట్టిన వి.యస్. అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొని పల్లెల్లో పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న మరణించేవరకు అక్కడే ఉన్నారు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కులాల నిరుపేదలు. చదువు రానివారు. సాక్ష్యం చెప్పడం పాదిరిగారి ఉద్యోగం కాదని, బాప్తిస్మం పొందిన ప్రతివాని బాధ్యత అని వారికి ఆయన నేర్పారు.

తర్వాత జరిగినది గమనార్హం. ఆ ప్రాంతంలో ఇతర కులాల రైతులు కూడా కొందరు సంఘంలో చేరనారంభించారు. ఎందుకని విచారించగా, బోధకుల మాటలకంటే తమ పొలాల్లో పనిచేసేవారి బ్రతుకుల్లో వచ్చిన మార్పు తమను ఆకర్షించినదని వారు చెప్పినట్లు అజరయ్యే రాశారు. తాగుడు తగ్గింది, తగవులు తగ్గాయి, ఇల్లు వాకిలి శుభ్రపడ్డాయి. పలక పట్టనివాడు పాఠం చెప్పాడన్నమాట. సంఘంలో ఎవరు చేరారన్న లెక్క అటుంచినా, ఊరు బాగుపడిందా లేదా అన్న లెక్క అందరికీ సంబంధించినదే.

ఓర్పంటే లొంగుబాటు కాదు

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని తోసిపుచ్చరాదు. ప్రేమ, ఓర్పు అని పేదవానికి బోధించడం ఉన్నవానికి లాభం కాదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. తక్కువ కూలి ఇచ్చినా నోరు మూసుకొమ్మని, తాగి కొట్టే భర్తను సహించమని చెప్పడానికి దేవుని ప్రేమను వాడుకోవడం ఆ ప్రేమకే అపచారం. ప్రవక్తలు రాజుల మొగం మీదనే అన్యాయాన్ని ఖండించారు. ప్రేమ గలవాడు తన హక్కు అడుగుతాడు, పక్కవాని హక్కు కోసం ఇంకా గట్టిగా అడుగుతాడు. పగ మాత్రం పెట్టుకోడు. ఈ తేడా బోధకులు స్పష్టంగా చెప్పవలసి ఉన్నది.

ప్రేమ క్రైస్తవుల సొంత ఆస్తి కాదన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠురోగులకు ఆసుపత్రి పెట్టినపుడు ధనమిచ్చి ఆదుకున్నది నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఊరు తరిమిన రోగులకు అక్కడ నీడ దొరికింది. మంచి పని జరిగేచోట చేయి కలపడానికి మతం అడ్డురాలేదు. నేటి పల్లెల్లోనూ అడ్డురానవసరం లేదు.

చేయదగిన పనులు

సంఘపెద్దలు తలచుకుంటే పెద్ద ఖర్చు లేకుండా కొన్ని పనులు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు. నెలకొకసారి రెండు వాడల సంఘాలు ఒకే బంతిలో భోంచేయవచ్చు. బియ్యం ఇంటింటికీ గుప్పెడు చొప్పున తీస్తే చాలును. ఊళ్ళో ఎవరు పట్నం ఆసుపత్రిలో పడినా, ఏ కులమని, ఏ మతమని చూడకుండా వంతులవారీగా ఒకరు తోడు వెళ్ళవచ్చు. రాత్రిపూట మంచం పక్కన కూర్చునే మనిషి విలువ రోగికే తెలుస్తుంది. విశ్వాసులమనుకునే ఆసాములు కూలి డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చే ఆనవాయితీ పెట్టవచ్చు. పరీక్షల రోజుల్లోనైనా రాత్రి తొమ్మిది దాటితే మైకు కట్టివేయవచ్చు. మాట్లాడుకోని అన్నదమ్ములను పండుగకు ముందే కూర్చోబెట్టి కలపవచ్చు.

బక్త్ సింగ్ జీవితంలో చివరి పదేళ్ళు చాలామంది మరచిపోయే భాగం. వేలమందికి గంటల తరబడి బోధించిన ఆ మనిషిని పార్కిన్సన్ జబ్బు మంచాన పడవేసింది. మాట తగ్గిపోయింది. లేవలేని మనిషిని లేపాలి, తినిపించాలి, శుభ్రం చేయాలి. హెబ్రోనులో ఆ పరిచర్య ఒక రోజు కాదు, ఏళ్ళ తరబడి జరిగింది. ఆ పనికి సభ ఉండదు, దండలు ఉండవు. దేవుని ప్రేమ అంటే ఏమిటో ఆయన ప్రసంగాల్లో ఎంత ఉన్నదో, ఆ మంచం దగ్గర పనిలో అంతకు తక్కువేమీ లేదు.

మన పల్లెల్లోనూ మంచాన పడిన ముసలివారు, ఒంటరి తల్లులు, చేతికి పనిలేని పడుచువారు ఇంటింటా ఉన్నారు. ఆత్మ గురించిన ప్రసంగాలకు కొదువ లేదు. ఆ ఇండ్ల గడప తొక్కేవారికే కొదువగా ఉన్నది. వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత ప్రతి సంఘం ఈ లెక్క ఒకసారి చూసుకుంటే ఊరికి మేలు కలుగుతుంది.