కోట లేకపోతే చరిత్ర లేనట్టేనా?



ఓరుగల్లు కోట చూసి వచ్చినప్పటి నుంచి మన రూముల్లో ఒక మాట తిరుగుతోంది. "రాజులకు కోటలున్నాయి, మ్యూజియంలో శిల్పాలున్నాయి. మన కోయోళ్లకు ఏముంది?" అని. ఈ మాట సరికాదని నా అభిప్రాయం.

కోట గొప్పదే. గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. రాతిగోడకు 45 బురుజులు, లోపల నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఖుష్ మహల్ లో పాత శిల్పాలు పెట్టారు. మనం చూసినవన్నీ రాతివే. రాయి మట్టిలో పడి ఉన్నా ఏడువందల ఏండ్లకైనా దొరుకుతుంది. అందుకే మ్యూజియం దాకా వచ్చింది.

మనవి రాతివి కావు. సమ్మక్క తల్లికి విగ్రహం లేదు. వెదురు, కుంకుమ భరిణె, అంతే. మన ఇలవేల్పుల కథ గుడ్డ పడిగె మీద ఉంటుంది, డోలీల నోట్లో ఉంటుంది. గుడ్డ చివికిపోతుంది. పాడే మనిషి పోతే పాట పోతుంది.

ఆ కోటకూ మనకూ సంబంధం ఉంది. కరువులో పన్ను కట్టలేదనే కాకతీయుల సైన్యం మేడారం మీదికి వచ్చిందని మన కథ. జంపన్న ప్రాణం విడిచిన వాగే జంపన్న వాగైంది. ఆ కోట 1323లో ఢిల్లీ సైన్యానికి చిక్కింది. మేడారం జాతర మాత్రం రెండేళ్లకోసారి జరుగుతూనే ఉంది. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. కోట లేకుండానే నిలిచింది గదా!

అట్లని ఊరికే కూర్చుంటే నిలవదు. మన మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి ఇలవేల్పుల కథలు పాడినందుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో చనిపోయారు. ఆయన పాడిన కథల్లో ఒక్కటైనా పూర్తిగా చెప్పగలవాళ్లు మన హాస్టల్లో ఎంతమంది?

కాబట్టి నేను అడిగేది రెండే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీది ఎన్నో గట్టు, మీ వేల్పు ఎవరు అని ముసలోళ్లను అడిగి నోటుబుక్కులో రాసుకురండి. వాళ్లు కోయలో చెప్తే కోయ మాటనే తెలుగు అక్షరాల్లో రాయండి. రెండోది మేడం గారికి. ఒక ఆదివారం సాయంత్రం డోలి పెద్దమనిషిని ఒకరిని పిలిపించండి. స్టడీ అవర్ పోతుందని అనుకోవద్దు. అదీ చదువే.

కాదనేవాళ్లు కింద ఖాళీలో రాయండి. వచ్చే పత్రికలో జవాబిస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని