చంద్రధ్రువమున వెలుతురుపై హక్కు

2023 ఆగష్టు 23వ తేదీని చంద్రయాన్-3 చంద్రునిపై దిగినప్పుడు మన పత్రికలు పెక్కులు దక్షిణధ్రువమున దిగితిమని వ్రాసినవి. ఆ ఘనకార్యమునకు అతిశయోక్తి యక్కఱలేదు. అప్పటికి అంతకంటె దక్షిణమున నెవ్వరును సురక్షితముగ దిగియుండలేదు. కాని విక్రము నిలిచినది 69వ అక్షాంశము చెంత. ధ్రువమునకు అచ్చటినుండి యింకను 600 కిలోమీటర్లకు పైగా గలదు.

ఈ భేదము మాటలలోనిది గాదు, వెలుతురులోనిది. విక్రము దిగినచోట రమారమి 14 దినములు పగలు, 14 దినములు రాత్రి. ప్రొద్దు గ్రుంకుటతో నిద్రించిన మన యంత్రము మఱల మేలుకొనలేదు. ధ్రువమున నట్లు గాదు. చంద్రుని యక్షపు వాలు 1.5 డిగ్రీలు మాత్రమే యగుటచే, అచ్చట సూర్యుడు నడినెత్తికి ఎన్నడును రాక, దిక్చక్రము నొరసికొనుచు చుట్టును తిరుగుచుండును. అందుచే ఎత్తయిన గట్టులపై ఏటిలో హెచ్చుకాలము ఎండ నిలుచును. లోతైన గహ్వరములలోనికి చొరనే చొరదు. షాకల్టన్ గహ్వరము 21 కిలోమీటర్ల వెడల్పు, 4 కిలోమీటర్ల లోతు. అంచున నెండ, అడుగున చిమ్మచీకటి. 2009లో అమెరికావారు కబేయస్ గహ్వరమున రాకెట్టుభాగము నొకదానిని పడవైచి, లేచిన ధూళిలో నీటిజాడ కనుగొనిరి. నీరు చీకటిలో నున్నది, యంత్రములకు శక్తి వెలుతురులో నున్నది. రెండును దాపున గల గట్టులే అందఱకును గావలెను. అవి మిక్కిలి కొలది.

అచ్చట దిగుటయు సులభము గాదు. 1.5 డిగ్రీల యెండలో మీటరు ఎత్తు బండ 38 మీటర్ల నీడ వైచును. ఆ నీడలలో గోతులు దాగియుండును. 2025 మార్చిలో మాన్స్ మూటన్ పీఠభూమిపై దిగిన అమెరికా యంత్రమొకటి ప్రక్కకొఱగి, మఱునాటికే ఆగిపోయెను.

ఇక న్యాయము మాట. 1967 నాటి అంతరిక్షసంధి ననుసరించి చంద్రుడు ఏ దేశమునకును సొత్తు కానేరడు. ఇతరుల పనికి హాని కలుగునని తోచినచో ముందుగ సంప్రదింపవలెననియు నందు గలదు. కాని ఒకరు ఎత్తయిన సూర్యఫలకమును నిలిపి వెనుకవారి యెండ నార్పివేసినచో నేమి చేయవలెనో చెప్పలేదు. మన 1882 నాటి ఈజుమెంటుల చట్టము 20 యేండ్లు నిరాటంకముగ ననుభవించిన వెలుతురును హక్కుగా నెంచును. ఆ సూత్రమునే చంద్రునికి కొనిపోయినచో ముందు చేరినవానికే గట్టు దక్కును; మాకది సమ్మతము గాదు. 2023లో మన దేశము సంతకము చేసిన ఆర్టెమిస్ ఒడంబడికలలో 'రక్షణమండలములు' గలవు. వెడల్పు కొన్ని వందల మీటర్లే యున్న గట్టుపై మండలమనగా గట్టంతయు నగును గదా!

స్తంభముల యెత్తు, చోటు ముందుగ తెలుపవలెననియు, మండలములకు కాలపరిమితి యుండవలెననియు కోరుటకు సంతకము చేసినవారమగుటచే మన కధికారము గలదు. జపానుతో గూడి తలపెట్టిన చంద్రయాన్-5 ధ్రువప్రాంతమునకే పోవలసియున్నది. అది బయలుదేరుటకు మునుపే మన ప్రభుత్వమువారు ఈ ప్రశ్నను సభకెక్కింపవలయును.