పాయింట్ల తక్కెడ

పరదేశం పోవాలనే కోరిక తప్పని నేననను. చదువు ముగియగానే మన విద్యార్థుల్లో ఎందరో కెనడా కేసి చూస్తున్నారు. అయితే ఆ గుమ్మం దగ్గర మనిషిని తూచే తక్కెడ ఎటువంటిదో ముందే తెలుసుకోవడం మంచిది.

1967లో కెనడా పాయింట్ల పద్ధతి పెట్టింది. ఒకప్పుడు "నీది ఏ దేశం, ఏ జాతి?" అని చూసిన ప్రభుత్వం, "ఏం చదివావు, ఏం పని వచ్చు?" అని అడగడం మొదలెట్టింది. నిస్సందేహంగా ఇది ముందడుగే.

మరి చిక్కెక్కడ? 2015లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మొత్తం 1200 పాయింట్లు. ఒంటరి దరఖాస్తుదారుకి 20-29 ఏళ్ల మధ్య వయస్సుకే 110 వస్తాయి. 40 ఏళ్లకు 50. 45 నిండితే సున్న! పైగా కెనడా బయట చేసిన ఉద్యోగం మూడేళ్లయినా, ఇరవయ్యేళ్లయినా ఒకటే లెక్క. అనుభవానికి ఇదేం విలువ?

పోనీ, పాయింట్లొచ్చి వెళ్లాడనుకుందాం. శాశ్వత నివాసం ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. ఇంజనీరుకు, డాక్టరుకు లైసెన్సులిచ్చేవి రాష్ట్రాల్లోని వృత్తి సంస్థలు. వీరి లెక్క వారికి పట్టదు. ఒంటారియోలో ఇంజనీరు లైసెన్సుకు "కెనడా అనుభవం" కావాలన్న నిబంధన 2023లోగాని తొలగలేదు. ఉద్యోగమిచ్చేవాళ్లూ ఆ అనుభవమే అడిగితే కొత్తవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు!

యజమానుల బాధ మరోటి. ఆమోదం పొందిన ఉద్యోగ హామీ ఉంటే 50గాని, పెద్ద పదవికి 200గాని పాయింట్లు కలిసేవి. ఆ హామీ పత్రాలను కొందరు డబ్బుకు అమ్ముకున్నారు. దాంతో 2025 మార్చి 25న ఆ పాయింట్లనే తీసేశారు. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టినట్లయింది. నిజంగా పనివాడు కావలసిన చిన్న కంపెనీవాడి మాటకు ఆ తక్కెడలో బరువు లేకుండా పోయింది.

పాయింట్లను ఎత్తేయమని నా వాదన కాదు. ఎత్తేస్తే మళ్లీ అధికారి ఇష్టాయిష్టాలే రాజ్యమేలుతాయి. కావలసింది రెండు: లైసెన్సు వస్తుందో రాదో మనిషి ఇల్లు విడవకముందే తేల్చి చెప్పాలి, పత్రాలమ్మినవాణ్ణి శిక్షించి, నిజాయితీగల యజమాని హామీకి విలువ ఇవ్వాలి. పిలిచినవాడికి ఆ మాత్రం బాధ్యత లేదా?

సోదర విద్యార్థులారా! నాన్న పొలం తాకట్టు పెట్టకముందే, మీరు వెళ్లదలచిన రాష్ట్రంలో మీ వృత్తికి లైసెన్సు నిబంధనలేమిటో చదవండి. పాయింట్ల కూడిక ఆ తర్వాత చూసుకోవచ్చు.