పట్టా తరువాతి నిరీక్షణ

విశ్వవిద్యాలయ పట్టా పుచ్చుకొని వచ్చిన యువకునికి మొదటి కొన్ని నెలలు గౌరవంగానే గడుస్తాయి. ఆ పిమ్మట ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడగడం మొదలుపెడతాడు. ఆ ప్రశ్నలో దురుద్దేశం ఉండదు. అయినా జవాబు లేనివాడు క్రమంగా పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళడం మానుకుంటాడు. పండుగకు సొంత ఊరికి పోవడానికి సైతం జంకుతాడు.

హైదరాబాదులోని చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళితే ఈ నిరీక్షణ స్వరూపం కంటికి కనబడుతుంది. సమీపంలోని అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, ఐదు రూపాయల భోజనంతో పూట గడుపుకుంటూ, ఇంటికి ఫోను చేసి డబ్బు అడగవలసిన రోజును తలచుకొని కుంగిపోయేవారు అక్కడ ఎందరో!

2022 ఏప్రిల్‌లో తెలంగాణలో 503 గ్రూప్-1 కొలువులకు ప్రకటన వెలువడింది. అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రాల లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు కొత్త ప్రకటన వచ్చింది. జూన్‌లో మూడోసారి ప్రాథమిక పరీక్ష! పరీక్ష తప్పితే కారణం తెలుస్తుంది, లోపాన్ని దిద్దుకోవచ్చు. రాసిన పరీక్షే లేకుండా పోయినప్పుడు దిద్దుకోవలసినదేమిటో తోచదు. మనసును తొలిచేది ఓటమి కంటె ఈ అనిశ్చితియే. లోకం మాత్రం దానికి సోమరితనమని పేరు పెడుతుంది.

ప్రైవేటు సంస్థలకు దరఖాస్తులు పెట్టేవారి కష్టం వేరు. అక్కడ చాలాసార్లు తిరస్కరణ కూడా రాదు, మౌనమే జవాబు.

'ఉద్యోగం పురుష లక్షణం' అనే మాటను ఇంకా విడువని ఇళ్ళలో నిరుద్యోగి తన వ్యక్తిత్వాన్నే శంకించుకుంటాడు. ఆడపిల్ల స్థితి మరీ విచిత్రం. ఆమె ప్రయత్నానికి గడువు విధించేది నియామక మండలి కాదు, పెళ్ళిచూపులు.

ఆంధ్రప్రదేశ్ 2021 జూన్‌లో, తెలంగాణ 2024 ఆగస్టులో ఉద్యోగ క్యాలెండర్లను ప్రకటించాయి. ప్రకటించడం ఒక ఎత్తు, తేదీలకు కట్టుబడడం మరొక ఎత్తు. నిరుద్యోగి కోరేది జాలి కాదు. తన శ్రమకు ఒక తేదీ. ఆ తేదీ వచ్చేలోగా అతని మాట వినేవారూ ఉండాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. శిక్షణ కేంద్రాల గోడలపై ర్యాంకుల ఫలకాల పక్కన ఆ ఐదంకెలు రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.