ఇంటింటా పుదీనా మడి: ఒక మనవి

చదువుకున్నవారి ఇండ్లలో నానాటికి పెరడు కనుమరుగగుచున్నది. స్థలము లేకపోవుటయే కారణమని పెద్దలు సెలవిస్తున్నారు. ఈ మాటను మేము పూర్తిగా అంగీకరింపజాలము. మా అమ్మమ్మల, నానీమాల కాలమునను విశాలమైన పెరడు అందరికీ లేదు. అయినను బావిగట్టున, అంట్లు తోము చోట, అంచు పగిలిన కుండలో, పాత నూనె డబ్బాలో పుదీనా పచ్చగా ఉండెడిది. నేడు కొరవడినది శ్రద్ధయేనని మా అభిప్రాయము.

పుదీనా అను మాట పారసీకమునకు చెందినది. ఉర్దూలోను తెలుగులోను అదే నిలిచిపోయినది. దక్కనీ ఉర్దూ మాట్లాడు ఇండ్లలో కరివేపాకును కరియాపాక్ అందురు. అది తెలుగు నుండి వెళ్ళినది. బిర్యానీ మీద చల్లు పుదీనాకును, పప్పు పోపులో వేయు కరివేపాకునకును మతభేదము లేదు. రెండు భాషల విద్యార్థులము ఒకే బల్లపై కూర్చొని చదువుకొనుచున్న మనకు ఇంతకంటె దగ్గరి పాఠము ఏమున్నది?

కరివేప శాస్త్రనామములో ‘కోనిగీ’ అను భాగమును వృక్షశాస్త్ర విద్యార్థులు కంఠస్థము చేయుదురు. అది జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అను శాస్త్రజ్ఞుని పేరు. లిన్నేయసు శిష్యుడైన ఆయన తరంగంబాడికి వచ్చి, కొంతకాలము ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసి, 1785లో కాకినాడలోని జగన్నాథపురమున కన్నుమూసినాడు. దూరదేశము నుండి వచ్చినవాడు మన మొక్కల కొరకు ఊరూరా తిరిగినాడు. పరీక్షలో ఆ పేరు వ్రాసి మార్కులు పొందిన మనలో ఒక్క కరివేప విత్తునైనను మొలిపించినవారు ఎందరు? నల్లగా పండిన కాయలోని విత్తును ఆలస్యము చేయక నాటవలెను. ఎండి నిలువయున్నచో మొలకెత్తు శక్తిని త్వరగా కోల్పోవును. ఈ సంగతి మాకు పుస్తకము వలన కాదు, తోటపని చేయు ఒక వృద్ధుని వలన తెలిసినది.

పుదీనా పెంచుట ఇంతకంటె సులభము. బజారులో కొన్న కట్ట నుండి ముదిరిన కాడలు నాలుగైదు ఏరి, క్రింది ఆకులు త్రుంచి, గ్లాసెడు నీటిలో నిలుపవలెను. వారము పది దినములలో తెల్లని వేళ్ళు వచ్చును. వాటిని మట్టి, మాగిన పెంట కలిపిన వెడల్పు కుండీలో నాటి, ఉదయపు ఎండ తగులు చోట నుంచి, తడి ఆరకుండ చూచుకొనవలెను. కుండీ అడుగున నీరు నిలువరాదు. పుదీనా పిలకలతో ప్రక్కలకు ప్రాకును గనుక దానికి వేరు కుండీ ఇచ్చుట మేలు. మొదలంట పెరుకక, రెండు అంగుళములు వదలి కోసినచో మరల చిగురించును. కొత్తిమీరకు ధనియాలను రెండు బద్దలుగా నలిపి నాటవలెను. వేసవి ఎండలో అది త్వరగా పూతకు వచ్చును గనుక చలికాలము అనుకూలము. బియ్యము కడిగిన నీరు ఈ మొక్కలకు చాలును. నీటిశుద్ధి యంత్రము విడిచిపెట్టు నీటిలో లవణములు అధికము. నిత్యము దానినే పోయరాదు.

“పది రూపాయల కట్ట కొరకు ఇంత శ్రమ ఎందుకు?” అని కొందరు మిత్రులు మమ్ము పరిహసించినారు. కట్టలో సగము మరునాటికి నల్లబడి చెత్తబుట్ట పాలగుటను వారు లెక్కింపలేదు. ఏ నీటితో పండినదో, దానిపై ఏ మందు చల్లినారో కొన్నవానికి తెలియదు. మన కుండీలోని రెమ్మ సంగతి మనకు తెలియును. అయితే అతిశయోక్తి కూడ తగదు. వాము ఆకు, తులసి గొంతునకు హాయి నీయవచ్చును గాని, తగ్గని జ్వరమునకు వైద్యుని వద్దకే వెళ్ళవలెను.

ఇచట మా తప్పును కూడ ఒప్పుకొనవలసియున్నది. గత సంవత్సరము మొక్కలు నాటు దినమున మేమందరము ఉత్సాహముతో గోతులు త్రవ్వి, ఛాయాచిత్రములు దిగినాము. వేసవి సెలవులకు ఇండ్లకు పోయినాము. తిరిగి వచ్చుసరికి పుల్లలు మాత్రమే మిగిలినవి. నీరు పోయువారిని నియమింపలేదని పాలకవర్గమును నిందించుట సులభము. వంతులు వేసికొనవలెనన్న ఆలోచన మాకును తోచలేదు. మట్టి ముట్టుట చదువుకున్నవారి పని కాదనియు, కుండీలకు నీరు పోయుట ఆడపిల్లల పని అనియు మనలో దాగియున్న భావమే ఆ మొక్కలను ఎండగట్టినదని మేము తలచుచున్నాము.

కావున కళాశాల పాలకవర్గమువారికి మా మనవి ఇది. వసతిగృహపు వంటశాల వెనుక గోడవారగా ఒక చిన్న మడికి స్థలము, ఒక కుళాయి దయచేయవలెను. లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధనా కేంద్రము కలదు. విద్యార్థులను ఒకసారి అచటికి పంపవలెను. మా వంతుగా, బాలురు బాలికలన్న భేదము లేక నీటి వంతుల పట్టికను మేమే వ్రాసి తగిలించెదము. సెలవులలో ఊరిలోనే ఉండువారి పేర్లు అందులో ముందు ఉండును. వచ్చు రంజాను నెలలో ఇఫ్తారు పళ్ళెములోని పచ్చడికిని, సంక్రాంతి సెలవులకు ముందు జరుపుకొను విందునకును ఆకు ఆ మడి నుండియే రావలెనని మా కోరిక. అది నెరవేరనిచో తప్పెవరిదో ఆ పట్టికయే చెప్పును.