తరగతి గదిలో కులం పిలుపు ఆగాలి

నిడదవోలుకు దగ్గరలోని ఒక పల్లె బడిలో నేను అయిదో తరగతి చదువుతున్నప్పుడు ఏటా ఒక తంతు జరిగేది. ప్రభుత్వం ఇచ్చే పుస్తకాలు, బట్టల లెక్క రాయడానికి ఉపాధ్యాయుడు పెద్ద పుస్తకం తెరిచి 'ఎస్సీలు లేవండి' అనేవారు. మేం పదకొండుమందిమి లేచేవాళ్లం. ఆయన వేలు చూపిస్తూ లెక్కపెట్టేవారు. లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచీ. ఆ తరువాత 'బీసీలు లేవండి'. మిగిలినవారిని లేవమని ఎవరూ అనేవారు కాదు. వారు కూర్చుని మమ్మల్ని చూసేవారు. ఆ ఉపాధ్యాయుడు దుర్మార్గుడేమీ కాదు. మాకు రావలసిన ఒక్క జత బట్ట కూడా పోకూడదన్న తపనతోనే ఆ లెక్క రాసేవారు. కాని ఆ పూటంతా నేను తలెత్తి నల్లబల్ల వైపు చూడలేకపోయేవాడిని.

ఇరవై ఏళ్ల తరువాత ఇదే డెల్టాలో నేనూ ఉపాధ్యాయుణ్ణయ్యాను. పైనుంచి పట్టిక అడిగారు, సాయంత్రానికల్లా పంపాలన్నారు. నేనూ పుస్తకం తెరిచి అదే మాట అన్నాను. ఏడో తరగతిలో లెక్కలు చకచకా చేసే ఒక అమ్మాయి అందరికంటే చివర లేచింది. ఆ తరువాత చాలా రోజులు ఆ పిల్ల జవాబు తెలిసినా చెయ్యెత్తలేదు. నాకు కారణం తట్టలేదు. వాళ్లమ్మ కాలువగట్టు మీద ఎదురై అడిగింది: 'మేస్టారూ, కులం నన్నడిగితే నేను సెప్పనేంటండీ? పిల్లని అందరి ముందూ లేపి అడగాలేంటండీ?' ఆ తల్లి ఏనాడూ బడిగడప తొక్కలేదు. శిక్షణ పొందిన నాకు తోచనిది ఆమెకు తోచింది.

ఇప్పుడు పిల్లల ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడనివారు లేరు. బళ్లలో వ్యక్తిత్వ వికాస తరగతులు పెడుతున్నారు. వక్త వచ్చి 'నేను సాధించగలను' అని మూడుసార్లు గట్టిగా పలికించి, శాలువా కప్పించుకుని వెళతాడు. భయపడకు, నలుగురిలో మాట్లాడు, అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి అని తల్లిదండ్రులూ చెబుతారు. ఈ సలహాల్లో తప్పు లేదు. కాని వీటన్నిటి వెనుకా ఒక ఊహ ఉంది. ధైర్యం లేకపోవడం పిల్లవాడిలోని లోపమనీ, దానిని బయటినుంచి పోసి పూరించవచ్చనీ ఆ ఊహ. దళితవాడ పిల్లల విషయంలో ఇది తలకిందులైన మాట. అయిదేళ్ల వయసులో బడికి వచ్చే ఏ పిల్లవాడికీ జంకు ఉండదు. దానిని బడి నేర్పుతుంది. నేర్పడం మానితే చాలు, సగం పని అవుతుంది.

ఇది నా ఒక్కడి అనుభవం మీద ఆధారపడి చెప్పే మాట కాదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పైకులాలవారు 321 మంది, దళితులు 321 మంది. కాగితం మీది చిక్కుదారుల్లోంచి గీత గీసుకుంటూ బయటపడాలి. ఒక్కో చిక్కు విప్పినందుకు ఇంత అని డబ్బు ఇస్తారు. ఎవరి కులమూ చెప్పకుండా ఆడించినప్పుడు ఇరువర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరూ కలిసి కూర్చున్నచోట పేరు, ఊరు, కులం పైకి చదివి ఆడించినప్పుడు దళిత పిల్లలు విప్పిన చిక్కుల సంఖ్య సుమారు అయిదో వంతు పడిపోయింది. వారి తెలివి తగ్గలేదు, పోషణ మారలేదు. మారినదల్లా ఒక మనిషి కాగితం చూసి పైకి చదివిన ఒక్క మాట. ఈ ఫలితాలు 2006లో అమెరికా ఆర్థికశాస్త్ర పత్రికలో వెలువడ్డాయి. మన బళ్లలో ఆ మాటను ఏటా చదువుతూనే ఉన్నాం.

రెండో అధ్యయనం ఇంకా ఇబ్బంది పెట్టేది. రేమా హన్నా, లీ లిండెన్ అనే పరిశోధకులు మన దేశంలోనే పిల్లల జవాబుపత్రాలను ఉపాధ్యాయుల చేత దిద్దించారు. పత్రం మీద కులాన్ని తమకు తోచినట్టు మార్చి మార్చి రాశారు. కింది కులం పేరున్న పత్రాలకు మార్కులు కొద్దిగానైనా తగ్గాయి. అలా తగ్గించినవారు ఎక్కువగా కింది కులాలనుంచి వచ్చిన ఉపాధ్యాయులేనని 2012లో ప్రచురించిన ఆ పరిశోధన తేల్చింది. ఈ వాక్యం చదివినప్పుడు నాకు ఆ ఏడో తరగతి గది గుర్తుకొచ్చింది. లేచి నిలబడినవాడినీ నేనే, లేపి నిలబెట్టినవాడినీ నేనే. కులం కేవలం ద్వేషించేవాడి మనసులో ఉండేదైతే వాడిని మారిస్తే సరిపోయేది. అది అవమానపడినవాడి చేతిలోని ఎర్రసిరా కలంలో కూడా ఉంటుంది. కనుక ఇది మంచి గురువులు, చెడ్డ గురువుల సమస్య కాదు, పద్ధతికి సంబంధించిన సమస్య.

ఆ పద్ధతి కూర్చున్న పిల్లలకూ పాఠం చెబుతుంది. తనను ఎవరూ లేపకపోవడం, తన కులం ఎవరూ అడగకపోవడం సహజమని వారు నమ్ముతారు. లేచినవారిది కులం, తమది మామూలుతనం అనుకుంటారు. పై తరగతులకు వెళ్లాక 'కోటా' అనే ఎగతాళి మాట ఈ నేలలోనే మొలుస్తుంది. తనకు అడగకుండానే దక్కిన గౌరవాన్ని తన ప్రతిభగా పొరబడే పిల్లవాడిది ఆత్మవిశ్వాసం కాదు. అది ఎవరో ఒకరు కింద ఉంటేనే నిలబడుతుంది. 2022 మే 24న జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు కోనసీమ పిల్లలు అదంతా ఫోన్లలో చూశారు. రాజ్యాంగ రచనకు సారథ్యం వహించినవాడి పేరు తమ చిరునామాలో ఉంటేనే సహించలేని పెద్దల మధ్య, ఆ పేరు గోడమీద పెట్టుకున్న ఇంటి పిల్లవాడికి ఏ వక్త వచ్చి ధైర్యం నూరిపోయగలడు?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కులాన్ని చెప్పకూడదంటున్నారంటే దాచుకోమంటున్నారా, దాచుకోవడం సిగ్గుపడటం కాదా అని. ఇది న్యాయమైన ప్రశ్న. ఇంటిపేరు మింగి, ఊరిపేరు మార్చి చెప్పి, అద్దె ఇంటికోసం మరో కులమని అబద్ధమాడి బతికినవాళ్లు మనలో ఎందరో. ఆ బతుకులో ధైర్యం లేదు, నిత్యం పట్టుబడతామన్న భయమే ఉంది. నేను కోరేది అది కాదు. తనంత తాను చెప్పుకునే పేరు వేరు, పుస్తకం చూసి మరొకరు పిలిచే పేరు వేరు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే పిలుపును తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అనే పేరును ఎత్తుకుంది. ఆ సభికులు తమ పుట్టుకను దాచుకోలేదు. దానికి పేరుపెట్టే అధికారాన్ని మాత్రం ఇతరుల చేతిలోంచి లాక్కున్నారు. మన పిల్లలకు కావలసింది ఆ అధికారమే.

దానికి చరిత్ర తెలియాలి. నిడదవోలు పిల్లలకు ఊరి చరిత్ర అంటే చాళుక్యుల కథ చెబుతాం. రుద్రమదేవి పెళ్లాడిన వీరభద్రుడు మా ఊరివాడే అని గర్వంగా చెబుతాం. చెప్పవలసిందే. కాని ఆ కథలో పేట పిల్లవాడు తనను ఎక్కడ వెతుక్కోవాలి? గోదావరి దాటితే రాజమహేంద్రవరం. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' అని పాడిన రోజుల్లో, 'మాకొద్దీ నల్లదొరతనం' అని ఎదురు పాట కట్టిన కుసుమ ధర్మన్న ఆ ఊరివాడు. కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. ఇవి బస్సెక్కితే పూటలో చేరే ఊళ్లు. వీరి గురించి తెలుసా అని పదో తరగతి పిల్లలను అడిగి చూడండి. తనలాంటివాడు తన మండలానికి దగ్గరలో పుట్టి, మాటతో లోకాన్ని నిలదీశాడని తెలిసిన పిల్లవాడికి 'నేను సాధించగలను' అని మూడుసార్లు అరవవలసిన పని ఉండదు.

అలాగని గొప్పవాళ్ల కథలు చెప్పి చేతులు దులుపుకోవడం కూడా మోసమే. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఈ కథను మనం పిల్లలకు రెండు రకాలుగా చెప్పవచ్చు. 'వాళ్లు ఎక్కారు, నువ్వెందుకు ఎక్కలేవు' అంటే అది మరో దెబ్బ. అక్కడ ఒక వ్యవస్థ వారిని ఎంపిక చేసి, తిండి పెట్టి, తాళ్లు కట్టడం నేర్పి, నెలల తరబడి కొండలెక్కించి, మీరు చేయగలరని ఎదురుచూసింది అని చెబితే అది నిజం. ధైర్యం వారి గుండెల్లో ఉన్నది నిజమే. కాని ఎదురుచూసే పెద్దవాళ్లు ఉన్నచోటే అది బయటపడింది.

ఇక 'కులం నమోదు చేయకపోతే ఉపకారవేతనం ఎలా ఇస్తారు, రిజర్వేషన్ ఎలా అమలవుతుంది' అనేవారికి జవాబు తేలికే. నమోదు కావాలి, తప్పక కావాలి. బహిరంగ ప్రకటన అక్కర్లేదు. ప్రవేశ సమయంలో తల్లిదండ్రులు ఇచ్చిన ధ్రువపత్రం ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఉంటుంది. కావలసినప్పుడు చూసుకోవచ్చు. తమిళనాడులో 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే కత్తులతో దాడిచేసిన తరువాత ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని నియమించింది. 2024లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ హాజరుపట్టీల్లో కులం వివరాలు ఉండరాదనీ, ఉపాధ్యాయులు విద్యార్థులను కులంతో పిలవరాదనీ సిఫార్సు చేసింది. పొరుగు రాష్ట్రంలో రక్తం చిందాక తెలిసిన విషయాన్ని మనం చిందకముందే తెలుసుకోవచ్చు.

చట్టం మన వైపే ఉంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ దెబ్బలతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బలహీనవర్గాల పిల్లలపై వివక్ష జరగకుండా చూడటం ప్రభుత్వ బాధ్యత అని అదే చట్టం చెబుతోంది. పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే ఉండాలని 21వ సెక్షన్ నిర్దేశించింది. ఆ కమిటీ సమావేశంలో వంటగది గురించీ ప్రహరీగోడ గురించీ అడిగే తల్లులు ఈ ప్రశ్న కూడా అడగాలి: మా పిల్లల కులాన్ని తరగతిలో పైకి చదువుతున్నారా?

ప్రభుత్వం చేయవలసింది ఒక చిన్న ఉత్తర్వు. తరగతి గదిలో కులం పేరున పిల్లలను లేపడం, పిలవడం, వరుసలు కట్టించడం ఆపాలి. ఉపకారవేతనాల జాబితాలను నోటీసు బోర్డుమీద అంటించకూడదు. కాబోయే ఉపాధ్యాయుల శిక్షణలో ఈ విషయాన్ని ఒక పాఠంగా పెట్టాలి. దీనికి ఖజానాలోంచి ఒక్క రూపాయి ఖర్చుకాదు. ఉపాధ్యాయులు చేయవలసింది ఇంకా చిన్నది. ఉత్తర్వు కోసం ఆగనక్కరలేదు. రేపు పట్టిక అడిగితే పుస్తకం తెరిచి తరగతిలోకి కాదు, కార్యాలయం గదిలోకి వెళ్లాలి.

నిడదవోలు పాత పేరు నిరవద్యపురం అంటారు. నిరవద్యం అంటే దోషం లేనిది. ఆ ఊరి బళ్లలో ఏ దోషమూ చేయని పిల్లలు దోషుల్లా లేచి నిలబడటం నేను చూశాను, నేనే నిలబెట్టాను. కాలువగట్టు మీద ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లకు చెబుతున్నాను: అడగనక్కరలేదమ్మా. లేపడం నా తప్పే.