పెరటి చెట్టు మందుకు రాదా?

"పెరటి చెట్టు మందుకు రాదు" అన్న సామెతను మనమందరము వాడుతుంటాము. ఇంట నున్న మనిషి విలువ ఇంటివారికి తెలియదని దాని భావము. నలుబది ఏండ్లుగా నాడి పట్టుకొని కూర్చున్న నాకు ఆ సామెత అక్షరార్థములోనే నిజమై కనిపిస్తున్నది. పెరటిలో చెట్టు ఉన్నది. దాని గుణము తెలిసిన పెద్దమ్మ అరుగు మీదనే ఉన్నది. ఆమెను అడిగేవారే లేరు. ఈ లోపమును గురించి పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయదలచాను.

గత కార్తీకమాసములో జనగామ జిల్లా తరిగొప్పులలో ఒక పరిచయస్థుల తోటకు వనభోజనానికి వెళ్ళాను. ఉసిరిచెట్టు క్రింద విస్తళ్ళు ఎత్తిన తరువాత, తమ పెరడు కూడ చూచి పొమ్మని ఒకరు, తమది కూడ అని మరొకరు పిలిచారు. పొద్దు గుంకేలోపల ఐదిండ్ల పెరళ్ళు చూశాను. అది వానను నమ్ముకొన్న మెట్టసీమ. అయినా ఏ పెరటికి ఆ పెరడు ఒక చిన్న ఔషధశాలయే. వేపచెట్టుకు అల్లుకొన్న తిప్పతీగ, కంచె మీద నల్లేరు, గోడవార ఉత్తరేణి, అంట్లు తోమే నీళ్ళు పారేచోట గుంటగలగర, మూలన వావిలి. వాటిలో సగము మొక్కల పేర్లు ఆ ఇండ్ల యువకులకు తెలియవు.

ఒక ఇంట కోడలు బిడ్డకు దగ్గుమందు తాగిస్తున్నది. ఆ ఇంటి దడి అంతా అడ్డసరమే. ఎనుబది దాటిన అత్తగారికి చూపు మందగించినది. ఆకును వేళ్ళతో నలిపి, వాసన చూచి, ఒక్కొక్క మొక్క పేరు తడుముకోకుండా చెప్పినది. "ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదా అమ్మా?" అని అడిగాను. "నన్నెవ్వలడిగిన్రు అయ్యగారూ? అడిగితె చెప్పకపోదునా?" అన్నది. సంక్రాంతి పోయినాక ఆమె హైదరాబాదులో పెద్దకొడుకు ఇంటికి, మూడవ అంతస్తుకు, వెళ్ళిపోనున్నదని తెలిసినది. ఆ పిదప ఆ అడ్డసరము దడిగానే మిగులుతుంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2021లో కరోనా రెండవ విడత నాడు, నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు తిప్పతీగ కషాయము గురించి ఫోనులో అడిగాడు. "మీ దాపునే దొరుకుతుంది, వెదకండి" అని చెప్పి ఊరుకొన్నాను. వారము దినాల తరువాత వాంతులతో, కడుపునొప్పితో వచ్చాడు. చిత్రము చూచి కోసుకొన్నానని ఒక తీగ తెచ్చి చూపాడు. ఆకు హృదయాకారముగనే ఉన్నది, కాని అది తిప్పతీగ కాదు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. దైవానుగ్రహము వలన కోలుకొన్నాడు. ఆయన ఇంటికి నాలుగు వీథుల అవతల నా పెరటిలో అసలు తీగ వేపచెట్టు నిండా ఉన్నది. నా పెరటి తలుపుకు మాత్రము తాళము ఉన్నది.

ఆ ఏడాదే ముంబయి వైద్యులు తిప్పతీగ సేవించిన ఆరుగురికి కాలేయము దెబ్బతిన్నదని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ, దానిని పోలిన వేరొక జాతి తీగతో పొరబడవద్దని హెచ్చరించి రెండింటి భేదములు తెలిపినది. అసలు తీగ పూవుకు ఆరు రేకులు, పండు ఎర్రగా గుండ్రముగా ఉంటుంది. రెండవదాని కాడ నిండా బుడిపెలు, పూవుకు మూడు రేకులు, పండు నారింజ వన్నెలో కోలగా ఉంటుంది. అసలు తీగయే అయినా అందరికీ పడదు. కాలేయవ్యాధి కలవారు వైద్యుని అడగక దానిని ముట్టరాదు. పేరు వినగానే సరిపోదు, బొమ్మ చూడగానే చాలదు. తెలిసినవారి ప్రక్కన నిలిచి, చేతితో తాకి నేర్చుకోవలసిన విద్య ఇది.

మా గురువుగారు మాకు ఆ విద్యను గ్రంథముతో ప్రారంభించలేదు. వినాయక చవితికి ముందు రోజు మమ్మల్ని వెంటబెట్టుకొని, ఇంటింటా అనుమతి అడిగి, పెరళ్ళలోకి తీసుకొని వెళ్ళేవారు. మాచీపత్రి మొదలు అర్కపత్రము వరకు 21 పత్రులు మేమే ఏరేవారము. వాటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ ఉన్నాయి. "ఇవి పూజకు, నోటికి కాదు" అని ప్రతి ఏడూ చెప్పించేవారు. విషమేదో, మందేదో పదేండ్ల పిల్లవానికి ఆ పండుగే నేర్పినది. నేడు పత్రి బజారులో కట్టగా దొరుకుతున్నది. పూజ జరుగుతున్నది, పాఠము పోయినది.

ఇంగ్లండులో 1927లో నేషనల్ గార్డెన్ స్కీమ్ అను పేర, సొంత తోటలు కలవారు ఒక దినము ద్వారములు తెరచి, తలకు ఒక షిల్లింగు తీసుకొని జనులకు చూపించారు. ఇండ్లకు వెళ్ళి రోగులకు సేవచేసే నర్సుల నిమిత్తము ఆ ధనము. తొలి యేటనే 609 తోటలు తెరచుకొన్నవి, ఎనిమిది వేలకు పైగా పౌండ్లు సమకూడినవి. నేటికీ ఆ ఏర్పాటు నడుస్తున్నది. మనకు షిల్లింగు అక్కరలేదు, కార్తీకమాసము ఉన్నది.

కాబట్టి నా సూచన ఇది. ప్రతి ఊరిలో కార్తీకములో ఒక ఆదివారము పెరటి తలుపులు తెరవండి. ఊరి పెద్దమ్మనో, పెద్దాయననో ముందు నడిపించండి. పిల్లలను వారి వెంట నడవనివ్వండి. విషపు మొక్కలకు ఎర్రగుడ్డ పీలిక కట్టండి. అడగనిదే ఎవరూ ఆకు తెంపరాదు, నోట పెట్టరాదు. ఏ మొక్క ఎవరికి కూడదో కూడ చెప్పించండి. అడ్డసరము దగ్గుకు మేలే, కాని గర్భిణులు వాడరాదు. పసిబిడ్డకు ఆయాసముంటే ఇంటి వైద్యముతో కాలయాపన చేయక డాక్టరు వద్దకు తీసుకొని పోవలసినదే.

పూలు తెంపుతారు, కాయలు పోతాయి అని కొందరంటారు. పోనివ్వండి, నాలుగు నిమ్మకాయలు. నాకు భయము వేరొకటి. ఇప్పుడు వనభోజనములు కూడ కులాల వారీగా సాగుతున్నవి. తలుపు తెరచి, కొందరికే లోపలికి దారి ఇస్తే తెరవనట్లే. జ్వరము కులమడిగి రాదు, మూలిక కులమెరిగి పని చేయదు.

2020 నుండి ఊరూరా పల్లె ప్రకృతి వనములు వెలిసినవి. సంతోషమే. కాని చెట్టు పేరు చెప్పే పెద్దమ్మ అక్కడ ఉండదు, పెరటిలోనే ఉంటుంది.

వచ్చే కార్తీకములో మొదటి ఆదివారము నా పెరటి తాళము తీస్తాను. ఆ ఉపాధ్యాయునికే మొదటి పిలుపు. మీరు కూడ మీ తలుపు తీయండి. అంతకుముందు, ఈ సాయంత్రమే, మీ ఇంటి పెద్దమ్మను పెరటిలోకి చేయి పట్టి తీసుకొని వెళ్ళి, "ఇదేమిటమ్మా?" అని అడగండి.